గ్యారేజ్ డోర్ ఓపెనర్ కొంటున్నారా? రేటు, సౌండ్ మాత్రమే కాదు.. ముందు ఇవి చూసుకోండి!

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు వంటిల్లు చూస్తారు, వాస్తు చూస్తారు, స్కూల్ రేటింగ్ చూస్తారు. గ్యారేజ్ దగ్గరికి వచ్చేసరికి "రెండు కార్లు పడతాయా" అని ఒక్క ప్రశ్న అడిగి వదిలేస్తారు. కానీ డల్లాస్ నుంచి న్యూజెర్సీ దాకా చాలా తెలుగు ఇళ్లలో రోజూ వాడే అసలు గుమ్మం ముందు తలుపు కాదు.. గ్యారేజ్ తలుపే. పిల్లలు స్కూల్ నుంచి వచ్చేది అటు నుంచే, సరుకులు వచ్చేది అటు నుంచే.

ఇంట్లో కదిలే వస్తువుల్లో అన్నిటికంటే పెద్దది, బరువైనది కూడా ఈ తలుపే. రెండు కార్ల డోర్ 16 అడుగుల వెడల్పు ఉంటుంది. దాన్ని పైకి లేపి, కిందికి దించే మోటారునే గ్యారేజ్ డోర్ ఓపెనర్ అంటారు. ఒక్కసారి బిగిస్తే పదేళ్ల పైనే ఉండిపోతుంది. అందుకే సేల్‌లో చవగ్గా ఉందని తెచ్చేసే ముందు ఏం చూడాలో వివరంగా తెలుసుకుందాం.

బరువు మోసేది మోటార్ కాదు

చాలామంది మొదట అడిగేది "ఎన్ని హార్స్ పవర్ కావాలి?" అని. నిజానికి డోర్ బరువును మోసేది మోటార్ కాదు, స్ప్రింగ్. తలుపు పైన అడ్డంగా ఉండే కడ్డీకి చుట్టినట్టు కనిపించే ఆ లావుపాటి స్ప్రింగే బరువంతా సమం చేస్తుంది. మోటార్ చేసే పని తలుపును కాస్త తోయడం, లాగడం.. అంతే.

కాబట్టి కొత్త ఓపెనర్ కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు, పైన వేలాడే ఎర్ర తాడును లాగండి. దాంతో మోటార్‌కి, డోర్‌కి లింక్ తెగిపోతుంది. ఇప్పుడు చేత్తో తలుపును సగం వరకు లేపి మెల్లగా వదలండి. అక్కడే నిలబడితే స్ప్రింగ్ బాగున్నట్టు. కిందికి జారిపోతున్నా, దానంతట అదే పైకి వెళ్లిపోతున్నా స్ప్రింగ్‌లో తేడా ఉన్నట్టే. అలాంటి డోర్‌కి ఎంత ఖరీదైన మోటార్ పెట్టినా త్వరగా పాడవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. తలుపు తెరిచి ఉన్నప్పుడు ఎర్ర తాడు లాగొద్దు. స్ప్రింగ్ బలహీనంగా ఉంటే డోర్ ఒక్కసారిగా కింద పడుతుంది. అలాగే యూట్యూబ్ వీడియో చూసి స్ప్రింగ్ మార్చే సాహసం చేయొద్దు. అది విపరీతమైన ఒత్తిడితో బిగించి ఉంటుంది, చేయి జారితే ఎముకలు విరుగుతాయి. ఆ పని తెలిసినవాళ్లనే పిలవాలి.

స్ప్రింగ్‌కి కూడా ఆయుష్షు ఉంటుంది. మామూలు స్ప్రింగ్‌లను సుమారు 10,000 సార్లు తెరిచి మూసేలా తయారు చేస్తారు. రోజుకు నాలుగు సార్లు వాడితే 2,500 రోజులు, అంటే దాదాపు ఏడేళ్లు. మీరు కొన్న ఇల్లు పాతదైతే, ఓపెనర్‌తో పాటు స్ప్రింగ్ వయసు కూడా అడిగి తెలుసుకోండి.

ఇక పవర్ సంగతి. ఒక కారు పట్టే మామూలు స్టీల్ డోర్‌కి అర హార్స్ పవర్ సరిపోతుంది. రెండు కార్ల వెడల్పు డోర్ అయినా, చలికి తట్టుకునేలా లోపల ఇన్సులేషన్ ఉన్న డోర్ అయినా ముప్పావు హార్స్ పవర్ తీసుకోవడం మంచిది. చెక్క డోర్ లాంటి బాగా బరువైన వాటికి ఒకటి, అంతకంటే ఎక్కువ చూసుకోవాలి.

చైన్, బెల్ట్, వాల్ మౌంట్.. ఏది ఎవరికి?

షాపులో ప్రధానంగా మూడు రకాలు కనిపిస్తాయి.

చైన్ డ్రైవ్: సైకిల్ చైన్ లాంటి గొలుసు తలుపును లాగుతుంది. గట్టిది, చవకైనది. సుమారు 150 నుంచి 250 డాలర్లలో దొరుకుతుంది. కానీ గరగరమని శబ్దం చేస్తుంది. గ్యారేజ్ ఇంటికి దూరంగా, విడిగా ఉంటే ఇది చాలు. చాలామంది బిల్డర్లు కొత్త ఇళ్లలో ఇచ్చేది కూడా ఇదే.

బెల్ట్ డ్రైవ్: గొలుసు బదులు లోపల బలమైన దారాలున్న రబ్బరు బెల్ట్ ఉంటుంది. శబ్దం చాలా తక్కువ. చైన్ కంటే కొంచెం ఎక్కువ రేటు, సుమారు 200 నుంచి 400 డాలర్లు. గ్యారేజ్ పైన బెడ్‌రూమ్ ఉన్న ఇళ్లకు ఇదే సరైనది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇచ్చే గది చాలాసార్లు గ్యారేజ్ పక్కనో, పైనో ఉంటుంది. మీరు నైట్ షిఫ్ట్ ముగించుకొని రెండింటికి వస్తే ఇల్లంతా లేవకూడదంటే ఈ తేడా డబ్బులు పెట్టడం దండగ కాదు.

వాల్ మౌంట్: దీన్నే జాక్‌షాఫ్ట్ అని కూడా అంటారు. సీలింగ్‌కి వేలాడకుండా తలుపు పక్క గోడకు బిగిస్తారు. స్ప్రింగ్ ఉన్న కడ్డీనే నేరుగా తిప్పుతుంది. శబ్దం తక్కువ, సీలింగ్ ఖాళీగా ఉంటుంది కాబట్టి పైన అరలు కట్టుకోవచ్చు. అయితే తలుపు పక్కన తగినంత చోటు ఉండాలి, టార్షన్ స్ప్రింగ్ ఉన్న డోర్‌కే పనిచేస్తుంది. రేటు కూడా ఎక్కువే, సుమారు 400 డాలర్ల పైమాటే.

స్క్రూ డ్రైవ్ అని ఇంకోటి ఉంది కానీ ఇప్పుడు తక్కువగా కనిపిస్తోంది. ఏ రకమైనా మనిషిని పిలిచి బిగించుకుంటే ఆ కూలి వేరే అవుతుంది. రెండు మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి.

కొనే ముందు టేపు పెట్టి డోర్ ఎత్తు కొలవండి. పెట్టెలో వచ్చే రైలు సాధారణంగా 7 అడుగుల డోర్‌కి సరిపోయేది. మీది 8 అడుగులైతే ఎక్స్‌టెన్షన్ కిట్ విడిగా కొనాలి. ఇది చూసుకోక షాపుకి రెండోసారి పరిగెత్తేవాళ్లు చాలామంది.

మోటార్ ఏసీనా, డీసీనా అన్నది కూడా అడగండి. డీసీ మోటార్ మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది, డోర్‌కి కుదుపు ఉండదు. బ్యాటరీ బ్యాకప్ ఉన్న మోడళ్లలో వచ్చేది కూడా ఇదే.

చిన్న పిల్లలున్న ఇల్లా? ఈ రెండు తప్పనిసరి

గ్యారేజ్ తలుపు కింద ఇరుక్కుని చిన్నారులు చనిపోయిన ఘటనలు అమెరికాలో వరుసగా జరిగాయి. ఆ తర్వాతే చట్టం మారింది. 1993 జనవరి 1 నుంచి తయారైన ప్రతి ఇంటి ఓపెనర్‌లోనూ, ఏదైనా అడ్డం వస్తే తలుపు వెనక్కి వెళ్లిపోయే రక్షణ ఉండాల్సిందే. పాత ఇంట్లో అంతకు ముందు కాలం నాటి మోటార్ ఇంకా పనిచేస్తోందంటే "బాగానే ఉంది కదా" అని సంతోషించొద్దు. మార్చేయండి.

ఈ రక్షణ రెండు రకాలుగా పనిచేస్తుంది.

ఒకటి, ఫొటో ఐ సెన్సర్లు. తలుపుకి రెండు వైపులా కింద చిన్న కళ్లలా ఉంటాయి. వాటి మధ్య కంటికి కనిపించని కిరణం వెళ్తుంటుంది. మూసుకునే సమయంలో పిల్లాడో, బంతో, కుక్కపిల్లో అడ్డం వస్తే డోర్ ఆగి వెనక్కి వెళ్తుంది. ఈ సెన్సర్లు నేల నుంచి 6 అంగుళాల కంటే ఎత్తులో ఉండకూడదు. ఎందుకంటే పాకే పిల్లలు అంతకంటే పైన ఉన్న కిరణానికి దొరకరు. "మాటిమాటికీ ఆగిపోతోంది" అని విసుగొచ్చి రెండు సెన్సర్లనూ ఒకదానికొకటి ఎదురుగా పెట్టి సీలింగ్‌కి కట్టేసేవాళ్లు ఉన్నారు. అది పిల్లల ప్రాణాలతో ఆడుకోవడమే. చాలాసార్లు సమస్య దుమ్మో, సాలెగూడో, కాస్త పక్కకి తిరిగిన సెన్సరో అయి ఉంటుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, ఎదురెదురుగా సరిచేస్తే చాలు.

రెండోది, తగిలితే వెనక్కి వెళ్లడం. దీన్ని నెలకోసారి మీరే చూసుకోవచ్చు. హోమ్ డిపో లాంటి షాపుల్లో దొరికే టూ బై ఫోర్ చెక్క ముక్కను తలుపు మధ్యలో నేల మీద పడుకోబెట్టి డోర్ మూయండి. చెక్కకి తగలగానే వెనక్కి లేవాలి. లేవకపోతే అది సరిచేయించే వరకు ఆ డోర్‌ను మోటార్‌తో వాడొద్దు.

గోడ మీద స్విచ్ నేల నుంచి కనీసం 5 అడుగుల ఎత్తులో, తలుపు కనిపించే చోట ఉండాలి. రిమోట్ పిల్లలకు ఆట వస్తువు కాకూడదు. మూసుకుంటున్న తలుపు కింద నుంచి పరిగెత్తి బయటపడటం ఆట కాదని వాళ్లకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి.

కరెంట్ పోతే పరిస్థితి ఏంటి?

2017 అక్టోబర్‌లో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చు ఇళ్ల మీదికి వచ్చినప్పుడు కరెంట్ పోయింది. గ్యారేజ్ తలుపులు తెరుచుకోలేదు. కారు తీయలేక ప్రాణాలు కోల్పోయినవాళ్లలో పెద్ద వయసువాళ్లు ఉన్నారు. ఆ విషాదం తర్వాతే కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. 2019 జులై 1 నుంచి ఆ రాష్ట్రంలో అమ్మే, బిగించే ఇంటి ఓపెనర్లకు బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి.

మీరు వేరే రాష్ట్రంలో ఉన్నా ఈ ఫీచర్ ఉన్నదే తీసుకోండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని మంచు తుపాను వణికించినప్పుడు లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంట్ లేదు. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉన్న మనవాళ్లకు ఆ చలి ఇంకా గుర్తుండే ఉంటుంది. బ్యాటరీ ఎప్పటికీ అలాగే ఉండదు, కొన్నేళ్లకోసారి మార్చాలి. పాతబడితే ఓపెనర్ బీప్ కొడుతూ చెబుతుంది. ఆ శబ్దాన్ని పట్టించుకోకుండా వదిలేయొద్దు.

బ్యాటరీ లేకపోయినా దారి ఉంది. అదే ఎర్ర తాడు. దాన్ని లాగి చేత్తో తలుపు లేపొచ్చు. కానీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు ఆ సంగతి తెలుసా? మీరు ఆఫీసుకి వెళ్లాక అత్తమామలో, అమ్మానాన్నలో ఒంటరిగా ఉంటారు. వాళ్లతో ఒకసారి తాడు లాగించి, తలుపు లేపించి చూపించండి. స్ప్రింగ్ బాగున్న డోర్ అయితే పెద్దవాళ్లు కూడా లేపగలగాలి. వాళ్ల వల్ల కాకపోతే బ్యాటరీ బ్యాకప్ మీకు ఆప్షన్ కాదు, అవసరం.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ తుపాను సమయంలోనే వెచ్చదనం కోసం గ్యారేజ్‌లో కారు ఆన్ చేసి కూర్చుని, కార్బన్ మోనాక్సైడ్ వల్ల చనిపోయినవాళ్లు ఉన్నారు. ఆ వాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు. గ్యారేజ్ ఇంటికి ఆనుకొని ఉంటే లోపలి గదుల్లోకీ వస్తుంది. తలుపు తెరిచి ఉందిలే అని కూడా గ్యారేజ్‌లో కారు ఆన్‌లో ఉంచొద్దు. ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి.

దొంగలకు దారి ఇవ్వొద్దు

పాత ఓపెనర్లలో రిమోట్ ఎప్పుడూ ఒకే కోడ్ పంపేది. రిమోట్ లోపల చిన్న చిన్న స్విచ్‌లు వరసగా ఉండేవి, వాటిని పైకీ కిందికీ జరిపి కోడ్ పెట్టుకునేవాళ్లు. ఇలాంటి వాటిని తెరవడం ఎంత సులువో 2015లో సామీ కామ్‌కర్ అనే సెక్యూరిటీ రీసెర్చర్ చూపించారు. మాటెల్ కంపెనీ పిల్లల కోసం చేసిన ఒక బొమ్మ పరికరాన్ని కాస్త మార్చి, ఫిక్స్‌డ్ కోడ్ ఉన్న గ్యారేజ్ తలుపుల్ని 10 సెకన్లలోపే తెరవొచ్చని నిరూపించారు.

దీనికి పరిష్కారం రోలింగ్ కోడ్. బటన్ నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. ఇవాళ నొక్కిన కోడ్‌ని ఎవరైనా రికార్డ్ చేసి రేపు వాడదామన్నా పనిచేయదు. ఇప్పుడు వచ్చే పేరున్న కంపెనీల మోడళ్లలో ఇది ఉంటుంది. మీ రిమోట్‌లో ఆ చిన్న స్విచ్‌ల వరస కనిపిస్తే మాత్రం మార్చాల్సిన సమయం వచ్చేసినట్టే.

పాత ఇల్లు కొన్నవాళ్లు తాళాలు అందుకున్న రోజే చేయాల్సిన పని ఒకటుంది. మోటార్ మీద ఉండే లెర్న్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పాత రిమోట్లన్నీ చెరిగిపోతాయి. మోడల్‌ని బట్టి పద్ధతి కొంచెం మారుతుంది కాబట్టి మాన్యువల్ చూడండి. అంతకు ముందు ఉన్నవాళ్ల రిమోట్ ఎవరి చేతిలో ఉందో మీకు తెలియదు కదా! తర్వాత మీ రిమోట్లు, కీప్యాడ్ మళ్లీ కలుపుకోవాలి. అలాగే కారు అమ్మేటప్పుడు అద్దం దగ్గర ఉండే హోమ్‌లింక్ బటన్లలో దాచిన కోడ్‌ని చెరిపేయండి.

రోడ్డు మీద, డ్రైవ్‌వేలో ఆపిన కారులో రిమోట్ కనబడేలా పెట్టొద్దు. కారు అద్దం పగలగొడితే రిమోట్ చేతికొస్తుంది, డ్యాష్‌బోర్డ్‌లో ఉన్న కారు కాగితాల మీద ఇంటి అడ్రస్ కూడా ఉంటుంది. తాళాల గుత్తికి తగిలించుకునే చిన్న రిమోట్ మేలు. గ్యారేజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకి కూడా తాళం వేయడం అలవాటు చేసుకోండి.

నెల రోజులు ఇండియాకి వెళ్తున్నారా? గోడ మీద కంట్రోల్‌లో లాక్ బటన్ ఉంటే ఆన్ చేయండి. దాన్నే వెకేషన్ మోడ్ అంటారు. తిరిగి ఆఫ్ చేసే వరకు రిమోట్లు పనిచేయవు. అయితే ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చేటప్పుడు ముందు తలుపు తాళం చెవి మీ దగ్గర ఉండాలి, మర్చిపోవద్దు.

తలుపు పై సందులోంచి తీగ దూర్చి ఎర్ర తాడును లాగే దొంగలు ఉన్నారని, ఆ తాడును కట్టేయమని కొన్ని వీడియోలు చెబుతుంటాయి. అలా కట్టేస్తే ఆపద సమయంలో మీకే అది పనిచేయకపోవచ్చు. దాని బదులు తీగ తగలకుండా అడ్డం పెట్టే చిన్న షీల్డ్‌లు దొరుకుతాయి, అవి వాడండి.

ఫోన్‌తో తెరిచే స్మార్ట్ ఓపెనర్.. మంచిదేనా?

"గ్యారేజ్ మూశానా లేదా?" అన్న అనుమానం ఆఫీసుకి సగం దూరం వెళ్లాకే వస్తుంది. వైఫై ఉన్న ఓపెనర్ అయితే ఫోన్‌లో చూసి అక్కడి నుంచే మూసేయొచ్చు. ఎవరు ఎప్పుడు తెరిచారో కూడా తెలుస్తుంది. ఇలా దూరం నుంచి మూసేటప్పుడు తలుపు కదలక ముందే లైట్ వెలిగి ఆరుతూ, బీప్ శబ్దం వస్తుంది. దగ్గర్లో ఉన్నవాళ్లు పక్కకి తప్పుకోవడానికే ఆ ఏర్పాటు, దాన్ని ఆపే ప్రయత్నం చేయొద్దు.

కానీ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. 2023 ఏప్రిల్‌లో నెక్స్ అనే కంపెనీ గ్యారేజ్ కంట్రోలర్లలో పెద్ద లోపం బయటపడింది. అందరి పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్ లోపల పొదిగి ఉండటంతో, ఎక్కడో కూర్చుని వేరేవాళ్ల గ్యారేజ్ తెరిచే వీలు ఏర్పడింది. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా ఏజెన్సీ సీసా కూడా హెచ్చరిక జారీ చేసింది. కాబట్టి పేరు తెలియని చవక పరికరాన్ని ఇంటి తలుపుకి తగిలించే ముందు ఆలోచించండి. గట్టి పాస్‌వర్డ్, రెండంచెల వెరిఫికేషన్ పెట్టుకోండి.

రెండోది, యాప్ కంపెనీ చేతిలో ఉంటుంది. లిఫ్ట్‌మాస్టర్, చాంబర్లిన్ రెండూ ఒకే సంస్థవి, వాటి యాప్ పేరు మైక్యూ. 2023 నవంబర్‌లో ఆ సంస్థ అనుమతి లేని థర్డ్ పార్టీ సాఫ్ట్‌వేర్లను ఆపేసింది. హోమ్ అసిస్టెంట్ లాంటి వాటితో ఇల్లంతా కలుపుకున్నవాళ్లకు గ్యారేజ్ లింక్ తెగిపోయింది. మీ ఇంట్లో అలెక్సా, గూగుల్, యాపిల్.. ఏది వాడుతున్నారో దాంతో ఈ మోడల్ పనిచేస్తుందా, నెలనెలా డబ్బులు కట్టాలా అన్నది కొనే ముందే అడగండి. గ్యారేజ్‌లోకి వైఫై సిగ్నల్ సరిగ్గా అందుతుందో లేదో ఫోన్ పట్టుకెళ్లి చూసుకోండి.

ఇంకో చిన్న చిట్కా. రిమోట్ దగ్గరికి వచ్చేదాకా పనిచేయడం లేదంటే ఓపెనర్‌లో పెట్టిన ఎల్ఈడీ బల్బు తీసి చూడండి. కొన్ని ఎల్ఈడీ బల్బులు రేడియో సిగ్నల్‌కి అడ్డుపడతాయి. గ్యారేజ్ ఓపెనర్ల కోసమే చేసిన బల్బులు విడిగా దొరుకుతాయి.

ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో విల్లా కట్టుకుంటున్న ఎన్ఆర్ఐలు అడిగే ప్రశ్న ఇది. సూటిగా చెప్పాలంటే వద్దు. అమెరికా ఓపెనర్ 120 వోల్టులకు చేసింది, మన దగ్గర కరెంట్ 230 వోల్టులు. పైగా మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి పక్కకి జరిగే గేట్లు, రెండు రెక్కల గేట్లు, రోలింగ్ షట్టర్లు. వాటికి వేరే రకం మోటార్లు ఉంటాయి. అక్కడే కొంటే సర్వీస్ కూడా అక్కడే దొరుకుతుంది. అయితే పైన చెప్పిన సూత్రాలు వాటికీ వర్తిస్తాయి. అడ్డం వస్తే ఆగాలి, కరెంట్ పోతే చేత్తో తెరిచే తాళం ఉండాలి, రిమోట్‌కి రోలింగ్ కోడ్ ఉండాలి. అక్కడ వాచ్‌మెన్ పిల్లలు కూడా ఆ గేటు దగ్గరే ఆడుకుంటారన్నది మర్చిపోవద్దు.

కొనే ముందు ఒక్కసారి ఇవి సరిచూసుకోండి

- ఎర్ర తాడు లాగి డోర్ బ్యాలెన్స్ పరీక్షించారా?
- డోర్ ఎత్తు 7 అడుగులా, 8 అడుగులా?
- పైన, పక్కన పడక గది ఉందా? ఉంటే బెల్ట్ లేదా వాల్ మౌంట్.
- బ్యాటరీ బ్యాకప్ ఉందా?
- రోలింగ్ కోడ్ ఉందా? పాత రిమోట్లు చెరిపేశారా?
- సెన్సర్లు 6 అంగుళాల లోపు, స్విచ్ 5 అడుగుల పైన ఉన్నాయా?
- వారంటీ మోటార్‌కి ఎన్నేళ్లు, మిగతా పార్టులకు ఎన్నేళ్లు?

బడ్జెట్ తక్కువైతే వైఫై వదిలేయండి, శబ్దం కాస్త ఎక్కువైనా సర్దుకుపోండి. సెన్సర్లు, బ్యాటరీ బ్యాకప్, రోలింగ్ కోడ్.. ఈ మూడింటి దగ్గర మాత్రం రాజీ పడొద్దు. ఈ వీకెండ్ ఒక చెక్క ముక్క తీసుకుని మీ గ్యారేజ్ తలుపు వెనక్కి వెళ్తుందో లేదో పరీక్షించండి. ఐదు నిమిషాల పని.